లైబ్రరీ డాక్యుమెంటేషన్‌లో ప్రతి అంశానికీ నేరుగా లింకు ఇవ్వగలిగేలా పేజీలను ఎలా అమర్చాలి?

వంశధార:

నమస్కారం. తెలుగు పాఠాన్ని అక్షరాలుగా విడదీయడానికీ, తేదీలనూ సంఖ్యలనూ తెలుగులో చూపించడానికీ పనికివచ్చే ఒక చిన్న ఓపెన్ సోర్స్ పైథాన్ లైబ్రరీని మేము కొందరం కలిసి నిర్వహిస్తున్నాము. దాని డాక్యుమెంటేషన్‌ను స్ఫింక్స్ అనే డాక్యుమెంటేషన్ పరికరంతో తయారుచేసి, రీడ్ ద డాక్స్ అనే హోస్టింగ్ సైటులో ఉంచాము. ఇంగ్లీషులో ఒకటి, తెలుగులో ఒకటి, మొత్తం రెండు ప్రతులున్నాయి. రాయవలసినవన్నీ రాసినప్పటికీ వాడేవారికి అవి దొరకడం లేదన్నది మా బాధ.

ఫంక్షన్లన్నిటి వివరణ ఒకే పొడవాటి పేజీలో ఉంది. ‘సున్నాతో మొదలయ్యే సంఖ్యను తెలుగు అంకెల్లోకి మారిస్తే ముందున్న సున్నా పోతోంది, ఎందుకు?’ అని ఎవరైనా గ్రూపులో అడిగితే, సమాధానం ఆ పేజీలోనే ఒక గమనికగా ఉన్నా, అక్కడికి నేరుగా తీసుకుపోయే లింకు లేదు కనుక ‘పేజీ తెరిచి సగం దాకా కిందికి వెళ్లండి’ అని చెప్పవలసి వస్తోంది. తెలుగు ప్రతిలో పరిస్థితి ఇంకా ఇబ్బందిగా ఉంది. శీర్షిక పక్కన కనిపించే ¶ గుర్తును నొక్కితే వచ్చే లింకు చివర శీర్షిక పేరుకు బదులు ‘ఐడీ3’, ‘ఐడీ4’ అని మాత్రమే ఉంటోంది. మధ్యలో ఒక కొత్త విభాగం చేర్చగానే పాత లింకులన్నీ పక్క విభాగాలకు పోతున్నాయి.

ఆ పెద్ద పేజీని విడగొట్టాలని ఉంది. అయితే ఇప్పటికే కొన్ని బ్లాగుల్లోనూ, విద్యార్థుల ప్రాజెక్టు రిపోర్టుల్లోనూ, ఇతరుల కోడ్‌లో రాసుకున్న వ్యాఖ్యల్లోనూ దానికి లింకులున్నాయి. అవి తెగకుండా ఈ పని చేయడం ఎలా? ఒక్కో ఫంక్షన్‌కు ఒక్కో పేజీ పెట్టడం మంచిదా, లేక మాడ్యూల్‌కు ఒకటి సరిపోతుందా? ఈ దారిలో నడిచినవారు చెప్పగలరని ఆశిస్తున్నాను.

నాగావళి:

వంశధార గారూ, పేజీలను ఎలా విడగొట్టాలన్న ప్రశ్నను కాసేపు పక్కన పెట్టండి. మీ లైబ్రరీలో పేరున్న ప్రతి అంశానికీ, అంటే ఫంక్షన్లకూ క్లాసులకే కాక ఎర్రర్ సందేశాలకూ, సెట్టింగులకూ, మీరు చెప్పిన సున్నా గమనికలాంటి వాటికీ ఒక స్థిరమైన చిరునామా ఉన్నదా అని ముందుగా చూసుకోవాలి. ఆ చిరునామా అంశం పేరు నుంచి పుట్టాలి. పేజీలో అది ఎన్నో స్థానంలో ఉన్నదన్న లెక్క నుంచి పుడితే మీకు జరిగినట్టే జరుగుతుంది.

పైథాన్ సొంత డాక్యుమెంటేషన్‌ను చూడండి. ఓఎస్.పాత్ మాడ్యూల్ పేజీలో జాయిన్ ఫంక్షన్‌కు ఉన్న యాంకర్ (చిరునామాలో హ్యాష్ గుర్తు # తర్వాత వచ్చే, పేజీలోని చోటు పేరు) ‘ఓఎస్.పాత్.జాయిన్’ అన్న దాని పూర్తి పేరే. అందువల్ల ఫంక్షన్ పేరు తెలిసినవారు పేజీ తెరవకుండానే లింకును టైపు చేసేయగలరు. గో భాష ప్యాకేజీల పేజీల్లోనూ అంతే. హెచ్‌టీటీపీ ప్యాకేజీ పేజీ చిరునామాకు హ్యాష్ గుర్తు పెట్టి ‘క్లయింట్.డూ’ అని చేరిస్తే సరిగ్గా ఆ మెథడ్ దగ్గర ఆగుతారు. పీహెచ్‌పీ వారు ఇంకో అడుగు ముందున్నారు: సైటు పేరు తర్వాత ఒక స్లాష్ (/) పెట్టి ఫంక్షన్ పేరు కొడితే చాలు, మాన్యువల్‌లో ఆ ఫంక్షన్ పేజీకే పంపిస్తుంది. సీ ప్లస్ ప్లస్ ప్రాజెక్టుల్లో తరచుగా కనిపించే డాక్సిజన్ పద్ధతి వేరు. అది ఒక్కో మెంబరుకు లెక్కగట్టిన హ్యాష్ విలువను యాంకర్‌గా పెడుతుంది. ఆ అక్షరాల గుంపును మనిషి చదవలేడు, ఊహించలేడు, పైగా సిగ్నేచర్‌లో ఒక పారామీటర్ రకం మారితే యాంకర్ కూడా మారిపోతుంది.

మీరు ఆటోడాక్ (కోడ్‌లోని వివరణలను పేజీలోకి తెచ్చే స్ఫింక్స్ భాగం) వాడుతున్నట్లయితే ఫంక్షన్లకు పేరుతో కూడిన యాంకర్లు ఇప్పటికే ఉండి ఉండాలి. అయితే అవి ఏ పేరుతో ఉన్నాయో ఒకసారి పరిశీలించండి. చాలా లైబ్రరీల్లో అసలు కోడ్ ఎక్కడో లోపలి ఫైలులో ఉంటుంది, వాడేవారు మాత్రం పై ప్యాకేజీ నుంచి ఇంపోర్ట్ చేసుకుంటారు. డాక్యుమెంటేషన్‌లో లోపలి ఫైలు పేరే ప్రచురితమైతే, రేపు మీరు ఆ ఫైలును వేరే చోటికి మార్చిన రోజున, వాడేవారి కోడ్‌కు ఏమీ కాకపోయినా వారి లింకులు మాత్రం తెగుతాయి. ఇంపోర్ట్ పంక్తిలో ఏ పేరు రాయమంటున్నారో అదే పేరు చిరునామాలో ఉండాలి.

ఇక తెలుగు శీర్షికల సంగతి. స్ఫింక్స్‌కు ఆధారమైన డాక్‌యుటిల్స్, శీర్షిక నుంచి యాంకర్‌ను తయారుచేసేటప్పుడు ఆస్కీ (ప్రాథమిక రోమన్) అక్షరాలను, అంకెలను మాత్రమే మిగిల్చి తక్కినవాటిని తీసేస్తుంది. ఫ్రెంచి శీర్షికలో యాస గుర్తులు పోయినా మూలాక్షరాలు మిగులుతాయి. తెలుగు శీర్షికలో ఏమీ మిగలదు కనుక, వరుసలో నిలబడ్డవారిని పేరుతో కాక స్థానంతో పిలిచినట్టు, దానికొక సంఖ్య తగిలిస్తుంది. దీనికి మార్గం సులువే. ప్రతి శీర్షికకు పైన, మధ్యలో ఒక ఖాళీ పంక్తి వదిలి, మీరే ఒక లేబుల్ రాయండి: రెండు చుక్కలు, ఒక ఖాళీ, అండర్‌స్కోర్, దాని వెంటనే లేబుల్ పేరు, చివర కోలన్. లేబుల్ పేరును రోమన్ లిపిలోనే రాయాలి, తెలుగులో రాస్తే అది కూడా అదే జల్లెడలో పోతుంది. లేబుల్ ఉన్న చోట స్ఫింక్స్ ఆ సంఖ్యను వెనక్కి నెట్టి లేబుల్‌నే ముందుకు తెస్తుంది కాబట్టి, ¶ గుర్తు నొక్కినవారికి కూడా లేబుల్ ఉన్న లింకే వస్తుంది. ఇంగ్లీషు ప్రతిలోనూ, తెలుగు ప్రతిలోనూ ఒకే లేబుల్ ఉంచితే, చిరునామాలో భాష కోడ్ ఒక్కటి మార్చి అటూ ఇటూ వెళ్లవచ్చు.

మెట్టపొలం:

యాంకర్లను ఇష్టానుసారం మారిస్తే ఏమవుతుందన్నదానికి జావా ఒక సాక్ష్యం. స్ట్రింగ్ క్లాసులోని సబ్‌స్ట్రింగ్ మెథడ్‌నే తీసుకోండి. జావా 7లో ఆ యాంకర్‌లో మెథడ్ పేరు, దాని తర్వాత కుండలీకరణాల్లో పారామీటర్ల రకాలు ఉండేవి. జావా 8లో కుండలీకరణాలు, కామాలు పోయి హైఫన్లు వచ్చాయి. జావా 10లో మళ్లీ కుండలీకరణాలు తిరిగి వచ్చాయి. జావా 11కు వచ్చేసరికి దారిలో మాడ్యూల్ పేరు కూడా చేరింది. ఈ మార్పుల్లో ఒక్కోదానికి ఒక్కో కారణం ఉండవచ్చు. అయినా ఆ పాత జావా 8 లింకులో వెర్షన్ సంఖ్య ఒక్కటి మార్చి కొత్త వెర్షన్‌లో అదే మెథడ్ దగ్గరికి వెళ్దామనుకున్నవారికి మాత్రం ఫలితం శూన్యం.

పాత లింకులు తెగకుండా పేజీని విడగొట్టడం గురించి అడిగారు. ఇక్కడ చాలామందికి తెలియని చిక్కు ఒకటుంది. చిరునామాలో హ్యాష్ గుర్తు తర్వాతి భాగాన్ని బ్రౌజర్ సర్వర్‌కు పంపదు, తన దగ్గరే ఉంచుకుంటుంది. వెబ్ చిరునామాల ప్రమాణమే అలా ఉంది. కనుక పేజీ పేరు మాత్రమే మారి లోపలి యాంకర్లన్నీ అలాగే ఉంటే పని తేలిక. సర్వర్‌లో ఒక రీడైరెక్ట్ పెడితే, బ్రౌజర్ పాత యాంకర్‌ను తానే కొత్త చిరునామాకు అతికించుకుని సరైన చోటికి చేరుతుంది. రీడ్ ద డాక్స్‌లో ఇటువంటి రీడైరెక్టులను ప్రాజెక్టు సెట్టింగుల్లోనే రాసుకోవచ్చు. కానీ ఒక పేజీ ఐదు పేజీలైనప్పుడు, వచ్చిన పాఠకుడు వాటిలో దేన్ని కోరుతున్నాడో సర్వర్‌కు తెలిసే అవకాశమే లేదు. అందరినీ ఒకే చోటికి పంపడం తప్ప అది చేయగలిగినదేమీ ఉండదు.

అందువల్ల పాత పేజీని తీసేయకుండా, దాని చిరునామాలోనే ఒక చిన్న పేజీని మిగల్చమని చెబుతాను. అందులో పాత యాంకర్లన్నీ అవే పేర్లతో ఉండాలి, ఒక్కొక్కదాని పక్కన ‘ఈ వివరణ ఇప్పుడు ఫలానా పేజీలో ఉంది’ అన్న లింకు ఉండాలి. దానికి తోడు, వచ్చిన యాంకర్‌ను చూసి కొత్త పేజీకి పంపే పది పంక్తుల జావాస్క్రిప్ట్ చేరిస్తే పాఠకుడికి మార్పు జరిగినట్టే తెలియదు. స్క్రిప్టు నడవని చోట ఆ లింకుల జాబితా ఆదుకుంటుంది. రస్ట్ భాష అధికారిక పాఠ్యపుస్తకం మూల ఫైళ్లను గిట్‌హబ్‌లో తెరిచి చూస్తే, మారిన శీర్షికల దగ్గర ‘పాత శీర్షికలు. తీసేయవద్దు, లింకులు తెగవచ్చు’ అన్న అర్థం వచ్చే వ్యాఖ్య, దాని కింద పాత పేర్లతో ఖాళీ యాంకర్లు కనిపిస్తాయి. చూడటానికి చెత్తలా ఉంటుంది, కానీ ఆ వ్యాఖ్య లేకపోతే మూడో నెలలో ఎవరో ఉత్సాహవంతుడు శుభ్రం చేస్తానంటూ తీసేస్తాడు.

వంశధార:

ఇద్దరికీ ధన్యవాదాలు. లేబుళ్ల పని మొదలుపెట్టాము. రెండు సందేహాలు మిగిలాయి. తెలుగు ప్రతిలో యాంకర్ కూడా తెలుగులోనే ఉంటే బాగుంటుందని మాలో ఒకరి వాదన, యూనికోడ్ యాంకర్లను అనుమతించే పరికరాలు ఉన్నాయి కదా అంటున్నారు. రెండవది, గూగుల్‌లో వెతికినవారు తరచుగా మా పాత వెర్షన్ పేజీల మీద పడుతున్నారు. ఇప్పుడు లేని పారామీటర్‌ను వాడి, పని చేయడం లేదని ఇష్యూలు తెరుస్తున్నారు.

కృష్ణపక్షం:

మొదటి సందేహానికి నేను జవాబిస్తాను. యాంకర్ తెలుగులో ఉండటానికి హెచ్‌టీఎంఎల్5 ప్రమాణంలో అడ్డేమీ లేదు, ఖాళీలు లేకుంటే చాలు. ఎంకేడాక్స్ అనే మరో డాక్యుమెంటేషన్ పరికరంలో కూడా డిఫాల్టుగా తెలుగు శీర్షికలు అండర్‌స్కోర్, దాని పక్కన ఒక సంఖ్యగా మారతాయి కానీ, సెట్టింగు మార్చి యూనికోడ్‌ను ఉంచుకోవచ్చు. చిక్కంతా లింకును కాపీ చేసి ఇంకొకరికి పంపినప్పుడు వస్తుంది. యూటీఎఫ్-8లో ఒక్కో తెలుగు సంకేతానికి మూడు బైట్లు, శాతం గుర్తులతో రాసినప్పుడు ఒక్కో బైటుకు మూడు అక్షరాలు. ‘అక్షర విభజన’ అన్న శీర్షికలో వొత్తులూ గుణింతాలూ విడివిడిగా లెక్కేస్తే పది సంకేతాలున్నాయి. మధ్యనున్న ఖాళీ హైఫన్‌గా మారితే, ఆ చిన్న శీర్షిక లింకులో 91 అక్షరాలవుతుంది. అది చదివి ఏ విభాగమో ఎవరూ పోల్చుకోలేరు కాబట్టి తెలుగులో పెట్టిన ప్రయోజనం అక్కడే పోయింది.

అంతకంటే ప్రమాదకరమైనది కంటికి కనిపించదు. ‘సాఫ్ట్‌వేర్’ వంటి మాటల్లో పొల్లు నిలవడానికి మనం జీరో విడ్త్ నాన్ జాయినర్ అనే కనిపించని గుర్తును వాడతాము. కొన్ని కీబోర్డులు దాన్ని చేరుస్తాయి, కొన్ని చేర్చవు. కొన్ని ఫాంట్లలో తెర మీద తేడా కూడా తెలియదు. కానీ బ్రౌజర్‌కు అవి రెండు వేర్వేరు యాంకర్లు. శీర్షికలో అక్షరదోషం దిద్దినా, ‘ళ’ను ‘ల’గా మార్చినా లింకు తెగినట్టే. శీర్షిక తెలుగులో, లేబుల్ రోమన్ లిపిలో అన్న నాగావళి గారి సలహాకే నా ఓటు. శీర్షికను ఎన్నిసార్లయినా మెరుగుపరుచుకోవచ్చు, లేబుల్ జోలికి మాత్రం వెళ్లకూడదు.

పేజీల సంఖ్య గురించి కూడా ఒక మాట. నమ్‌పై (పైథాన్‌లో గణిత లెక్కల లైబ్రరీ) వారు ఒక్కో ఫంక్షన్‌కు ఒక్కో పేజీ ఇస్తారు. వందల ఫంక్షన్లు, ఒక్కోదానికి అనేక ఉదాహరణలు ఉన్న చోట అది తగినదే, వెతికినవారికి ఫంక్షన్ పేరుతోనే పేజీ దొరుకుతుంది. మీది చిన్న లైబ్రరీ. అరపేజీ వివరణ ఉన్న ఫంక్షన్‌కు ప్రత్యేక పేజీ పెడితే పాఠకుడు క్లిక్కులు కొడుతూ తిరగడమే సరిపోతుంది, కంట్రోల్ ఎఫ్‌తో మొత్తం వెతుక్కునే సౌలభ్యం కూడా పోతుంది. పైథాన్ ప్రామాణిక లైబ్రరీ లాగా మాడ్యూల్‌కు ఒక పేజీ, పేజీ మొదట్లో ఫంక్షన్ పేరూ ఒక్క పంక్తి వివరణా ఉన్న పట్టిక, ప్రతి పేరుకూ కిందనున్న వివరణకు లింకు: ఇది చాలు. ఆ పట్టికను స్ఫింక్స్‌లోని ఆటోసమ్మరీ తయారుచేసి పెడుతుంది. పక్క మెనూలో మాత్రం మాడ్యూళ్ల పేర్లు ఉంచకండి. లైబ్రరీ తెలియనివారికి మాడ్యూల్ పేరు ఏ దారీ చూపదు. ‘అక్షరాలుగా విడదీయడం’, ‘తేదీలు’, ‘సంఖ్యలు’ అని పనుల పేర్లు పెట్టండి.

నాగావళి:

రెండవ సందేహానికి వస్తాను. రీడ్ ద డాక్స్‌లో ‘లేటెస్ట్’ అన్న చిరునామా మీ ప్రధాన బ్రాంచిలో ప్రస్తుతం ఉన్నదాన్ని చూపుతుంది, అంటే ఇంకా విడుదల కాని ఫంక్షన్లు కూడా అందులో కనిపిస్తాయి. ‘స్టేబుల్’ అన్నది చివరగా విడుదలైన వెర్షన్. రస్ట్ ప్యాకేజీల డాక్యుమెంటేషన్ సైటులో ‘లేటెస్ట్’ అంటే విడుదలైన వాటిలో తాజాది కనుక, అక్కడి నుంచి వచ్చినవారు ఇక్కడ పొరబడటం సహజం. మీ రీడ్‌మీలోనూ, పైపీఐ (పైథాన్ ప్యాకేజీల భండారం) పేజీలోనూ, గ్రూపు సమాధానాల్లోనూ స్టేబుల్ చిరునామానే ఇవ్వండి. వెర్షన్ సంఖ్య ఉన్న చిరునామాను ఇష్యూల్లోనూ విడుదల గమనికల్లోనూ మాత్రమే వాడండి, ఎందుకంటే అక్కడ ‘ఆ రోజు ఏముండేది’ అన్నదే ముఖ్యం.

గూగుల్ విషయానికి, పాత వెర్షన్ల పేజీలన్నిటిలో కెనానికల్ లింకు స్టేబుల్ పేజీని చూపేలా పెట్టండి. ఈ ట్యాగును 2009లో గూగుల్, యాహూ, మైక్రోసాఫ్ట్ కలిసి ప్రకటించాయి, నకలు పేజీల్లో ఏది ప్రధానమో వెతికే యంత్రాలకు చెప్పడమే దాని పని. అది ఆదేశం కాదు, సూచన మాత్రమే, కనుక పాత పేజీల పైభాగంలో ‘మీరు పాత వెర్షన్ చూస్తున్నారు’ అన్న పట్టీ కూడా ఉండాలి. ఆ పట్టీలోని లింకు హోం పేజీకి కాకుండా స్టేబుల్‌లోని అదే పేజీకి, వీలైతే అదే యాంకర్‌కు తీసుకుపోవాలి. జంగో డాక్యుమెంటేషన్‌లో పాత వెర్షన్ తెరిచి ఇటువంటి హెచ్చరిక ఎలా కనిపిస్తుందో చూడవచ్చు. తీసేసిన పారామీటర్ గురించి కూడా వివరణను పూర్తిగా చెరిపేయకుండా, ఏ వెర్షన్‌లో పోయిందో, బదులుగా ఏది వాడాలో ఒక వాక్యం మిగల్చండి.

ఇవన్నీ ఒకసారి చేసి వదిలేస్తే నిలవవు. స్ఫింక్స్ ప్రతి బిల్డ్‌లోనూ ‘ఆబ్జెక్ట్స్.ఇన్వ్’ అనే ఇన్వెంటరీ (జాబితా) ఫైలును సైటు మూలంలో పెడుతుంది. మీ ఫంక్షన్లు, క్లాసులు, మీరు స్వయంగా రాసిన లేబుళ్లు, వాటి చిరునామాలు అన్నీ అందులో ఉంటాయి. ఇంటర్‌స్ఫింక్స్ వాడే ఇతర ప్రాజెక్టులు దాన్ని చదివే మీ ఫంక్షన్లకు లింకులు కట్టుకుంటాయి. మీరు పేజీ మార్చినా వారు మళ్లీ బిల్డ్ చేసినప్పుడు కొత్త చిరునామా దానంతటదే అందుతుంది. నేను చెప్పే ఉపాయం ఏమిటంటే, ప్రతి విడుదలకు ముందు, గత విడుదలలోని ఆ ఫైలును, కొత్త బిల్డ్‌లోని ఫైలును పక్కపక్కన పెట్టి పోల్చే ఒక చిన్న స్క్రిప్టును సీఐలో (కోడ్ మారినప్పుడు దానంతటదే నడిచే తనిఖీల్లో) పెట్టుకోండి. ఇంటర్‌స్ఫింక్స్ మాడ్యూల్‌నే కమాండుగా నడిపితే ఆ ఫైలులోని పేర్లన్నిటినీ అచ్చు వేస్తుంది, వాటిని తేడాలు చూపే డిఫ్ కమాండుకు ఇస్తే సరిపోతుంది. పాతదాంట్లో ఉండి కొత్తదాంట్లో లేని పేరు కనిపిస్తే బిల్డ్ ఆగిపోవాలి. ఆ పేరును కావాలనే తీసేశారా, పొరపాటున పోయిందా అన్నది అప్పుడు మనిషి తేలుస్తాడు. లోపలి లింకుల్లో తప్పులు పట్టడానికి నిట్‌పికీ సెట్టింగును, బయటి లింకులకు లింక్‌చెక్ బిల్డర్‌ను కూడా వాడుకోండి. రెండోదాన్ని మాత్రం ప్రతి పుల్ రిక్వెస్టుకూ నడపకండి, ఎవరిదో సైటు కాసేపు పడిపోతే మీ పని నిలిచిపోతుంది.

వంశధార:

చాలా స్పష్టంగా చెప్పారండీ. ఇన్వెంటరీ పోలిక ఆలోచన మాకు బాగా నచ్చింది, ముందు అదే చేర్చుకుంటాము. ఇంకొక్కటి. ఇన్‌స్టలేషన్ పేజీలో లినక్స్, విండోస్, మ్యాక్ ఆదేశాలను మూడు ట్యాబుల్లో పెట్టాము. విండోస్ ట్యాబులో ఉన్న ఒక హెచ్చరికకు లింకు ఇస్తే, తెరిచినవారికి మొదటి ట్యాబు అయిన లినక్స్ కనిపిస్తోంది. దీనికేమైనా మార్గం ఉన్నదా?

మెట్టపొలం:

కనిపించకుండా దాచిన భాగంలోని యాంకర్ దగ్గరికి పేజీని జరపడం బ్రౌజర్‌కు సాధ్యం కాదు, అందుకే అలా అవుతోంది. చిరునామాను చూసి తగిన ట్యాబును తెరిచే స్క్రిప్టు రాయవచ్చు. అయితే ట్యాబుల్లో ఒకే ఆదేశపు మూడు రూపాలను మాత్రమే ఉంచి, హెచ్చరికలను, వివరణలను ట్యాబుల బయటకు తెచ్చి ‘విండోస్‌లో వచ్చే ఇబ్బందులు’ అన్న సొంత శీర్షిక కింద, సొంత లేబుల్‌తో పెట్టడం మేలని నా అభిప్రాయం. అచ్చు తీసుకునేవారికీ, స్క్రీన్ రీడర్ వాడేవారికీ కూడా అదే సుఖం. లింకు నొక్కాక శీర్షిక కాస్తా పైన అతుక్కుని ఉండే పట్టీ వెనుక దాక్కుంటున్నట్లయితే, శీర్షికలకు సీఎస్ఎస్‌లో స్క్రోల్ మార్జిన్ టాప్ అన్న లక్షణాన్ని ఆ పట్టీ ఎత్తుకు సమానంగా ఇవ్వండి, ఒక్క పంక్తితో సరిపోతుంది.